సైనిక శిక్షణమును నడుమ విడుచుట

సైన్యమున చేరిన యువకుడు శిక్షణము ముగియకమునుపే యిల్లు చేరగోరినచో వానిని పిరికివాడనుట లోకమునకు పరిపాటి. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. బ్రిటిషు సైన్యమున 18 ఏండ్లు నిండి చేరినవాడు తొలి 28 దినములు గడచిన పిమ్మట, 3 నెలలు నిండకమునుపు, తన యిష్టము చొప్పున విడిచిపోవచ్చును. ఈ నియమమున రెండు నీతులు గలవు. తెల్లవారకమున్నె లేచుట, బరువుమోత, అధికారి గద్దింపు, ఇంటిపై బెంగ - వీనివలన పుట్టిన కోరిక నిలుచునో లేదో కొంతకాలము చూడవలెను. నిలిచినచో ద్వారము తెరవవలెను. ఆయుధము పట్టుట మనస్సొప్పి చేయవలసిన పని గదా! కావున విద్యార్థులారా, అలసిన రాత్రి యేదియు నిర్ణయింపకుడు. తలిదండ్రులారా, చక్కగా నాలోచించి మరలివచ్చిన బిడ్డను వాకిట నిలిపి నిందింపకుడు.