బోటు కిరాయి సరే, బస్తీ సంగతేమిటి?

నాగార్జునకొండ సఫర్ అనగానే మన ఉస్మాన్‌గంజ్ ఖాందాన్లలో మొదటి సవాల్ ఒకటే: ప్రైవేటు బోటు దొరుకుతుందా? పర్దాకు పర్దా, ఆరాంకు ఆరాం. మంచిదే. కానీ ఆ బోటు ఒక షహర్ మీదుగా పోతుందని పిల్లలకు చెబుతున్నామా?

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీళ్ల కిందే ఉంది. సాగర్ నిండకముందే, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చారు. ఆ కొండే నేటి జజీరా.

అక్కడ దొరికిన శాసనాల్లో దానాలు చేసిన ఔరతుల పేర్లున్నాయి. రాజు తోబుట్టువు చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది. మన వక్ఫ్‌నామాల లాంటివే ఆ రాళ్లు. మన బేటీలకు అవి చూపించాలి.

మజ్‌హబ్ వేరు కావచ్చు, మట్టి ఒక్కటే. మన తారీఖ్ 1591లో చార్మినార్‌తోనే షురూ కాలేదు. మామూలు లాంచీలో వెళ్లినా ఫరక్ లేదు. దీవి మీద మాత్రం జల్దీ చేయకండి.