హాస్టల్లోనూ వెలివాడేనా?

బోధన్, ఎడపల్లి, రెంజల్ చెరుకు ఊళ్ల నుంచి మన పిల్లలు యూనివర్సిటీ హాస్టళ్లకు పోతున్నరు. సీటొచ్చిందని మనం మురుస్తున్నం. సీటు వేరు, చోటు వేరు. బడిపంతుళ్లం మేం ఈ మాట చెప్పక తప్పదు.

మొదటి సంవత్సరం పిల్లల్ని సీనియర్లు ర్యాంకెంత అని ఎందుకడుగుతరు? చదువు తెలుసుకోను కాదు, కులం తెలుసుకోను. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఏం జరిగింది? వేధింపులకు దళిత, ఆదివాసీ విద్యార్థులు గదులు మారి ఒక్కచోటికి చేరవలసి వచ్చిందని 2007లో థోరట్ కమిటీ తేల్చింది. డాక్టర్లను తయారుచేసే చోట కూడా వాడలు లేచినయ్!

2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి తాళం పడ్డది. అదే నెల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అంబేద్కర్ విద్యార్థి సంఘం పిల్లలు ఐదుగురిని హాస్టళ్లకు రావద్దన్నది. వాళ్లు బయట గుడారమేసి 'వెలివాడ' అని పేరు పెట్టిన్రు. అందులో ఒకడు రోహిత్ వేముల. 2016 జనవరి 17న మనకు దక్కకుండా పోయిండు. పని పోయిన ఇంటికి చదువే దిక్కు. చదువుకునే చోట గది మూస్తే బిడ్డ ఎటు పోవాలె?

హాస్టల్ గది ఎవరి దయా కాదు, హక్కు. అమ్మలారా, అయ్యలారా! పిల్లను దింపి వెంటనే బస్సెక్కకుండ్రి. వార్డెన్‌ను కలువుండ్రి. పై తరగతుల్లో మనోళ్లెవరో కనుక్కోండ్రి. ర్యాగింగ్ మీద 1997లోనే చట్టమొచ్చింది; ఫిర్యాదు కాగితం మీద రాసిచ్చి రశీదు అడుగుండ్రి. సంఘపోళ్లారా, నెలకోసారి డిచ్‌పల్లి పోయి తెలంగాణ యూనివర్సిటీ హాస్టళ్లల్ల మన పిల్లల మంచిచెడు అడుగుదాం.

ఊరి వెలివాడ దాటిన బిడ్డను ఇంకో వెలివాడలో ఒంటరిగా ఇడువొద్దు.

జై భీమ్!