వడకడితే శుభ్రమైన నూనె వస్తుంది, డీజిల్ రాదు

పైన వీడియో నొక్కే ముందు ఇది ఒకసారి చదవండి.

నిరుడు వేసవిలో, వాడేసిన వంటనూనెని ఇంట్లో వడకట్టి మా పొలంలో పాత ఆయిలింజనుకి పోసి కాలవ నీళ్లు తోడిన వీడియో పెట్టాను. జీవామృతం గురించి ఎంత చెప్పినా రాని వ్యూస్ బజ్జీల నూనెకి వచ్చాయి. సంతోషపడ్డాను. రెండు నెలలకి రేపల్లె వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మీ వీడియో చూసే పోశాను" అన్నాడు. ఫైనాన్స్‌లో తీసుకున్న కొత్త డీజిల్ ట్రాలీ ఆటో. ఇంజెక్టర్లు, పంపు కలిపి 32,000 అయింది. తొమ్మిది రోజులు బండి షెడ్డులోనే ఉంది, వాయిదా మాత్రం ఆగలేదు.

వీడియోలో నేను అబద్ధమైతే చెప్పలేదు. కానీ ఎలాంటి ఇంజనుకి పోశానో ఒక్కసారే చెప్పాను, అదీ చివర్లో. చివరిదాకా ఎవరు చూస్తారు చెప్పండి? తప్పు నాదే. అందుకే ఆ వీడియో తీసేసి ఇది పెడుతున్నాను.

వడకడితే ఏం పోతుంది? మాడిన పిండి, మిరపగింజలు, మసి పోతాయి. పంచె గుడ్డ, దాని తర్వాత జీన్స్ గుడ్డ, ఆఖర్న 5 మైక్రాన్ల ఫిల్టర్ సంచి పెడితే నూనె తేనెలా మెరుస్తుంది. చూడ్డానికి బావుంటుంది, అక్కడే మోసపోతాం. పునుగుల పిండిలోంచి దిగిన నీళ్లు, పదేపదే కాగడం వల్ల పుట్టిన ఆమ్లాలు అందులోనే ఉంటాయి. గరిటెడు నూనె వేడి పెనం మీద వేసి చూడండి, చిటపటమందంటే నీళ్లున్నట్టే. ఆ నీళ్లు పోవాలంటే 110 డిగ్రీల దాకా కాచి, వారం రోజులు కదపకుండా ఉంచి, అడుగు వదిలేసి పైది తీసుకోవాలి. దీన్ని వంటింటి స్టవ్ మీద పెట్టి మాత్రం పక్కకి వెళ్లొద్దు.

ఇంత చేసినా చిక్కదనం తగ్గదండి. వంటనూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన. ఇంజెక్టర్ దాన్ని పొగమంచులా చిమ్మాలి, చిమ్మలేక చుక్కలు చుక్కలుగా వదులుతుంది. సగం కాలిన నూనె నాజిల్ మీద బొగ్గులా పేరుకుంటుంది, రింగులు అంటుకుంటాయి, కొంత కిందకి జారి ఇంజన్ ఆయిల్‌ని జిగురు చేస్తుంది. బీఎస్-6 బండ్లలో ఇంజెక్టర్ లోపలి సందులు తలవెంట్రుక కన్నా చాలా సన్నం. అక్కడ దీనికి చోటే లేదు. పైగా హోటళ్లలో వాడేది ఎక్కువగా పామాయిల్. డిసెంబర్లో తెల్లారేసరికి మా డబ్బాలో అడుగున నెయ్యిలా గడ్డకట్టి కూర్చుంది.

"1900లో ప్యారిస్ ఎగ్జిబిషన్లో డీజిల్ ఇంజన్ని వేరుశనగ నూనెతోనే నడిపారు కదా" అని కామెంట్లు పెడుతున్నారు. నిజమే, నడిపారు. ఆంధ్రా ప్యారిస్ వాళ్లం, మనకి ఆ కథ ఇంకా నచ్చుతుంది. కానీ ఆ ఇంజను వేరు, అందులో పోసింది బజ్జీలు వేగిన నూనె కాదు. నూనెని నిజంగా ఇంధనం చేయాలంటే మిథనాల్, కాస్టిక్ సోడాతో చర్య జరిపి గ్లిజరిన్ విడదీయాలి. అప్పుడొచ్చేదే బయోడీజిల్. కాకినాడలో పెద్ద ఫ్యాక్టరీ చేసేది ఈ పనే. మిథనాల్ లోపలికి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. పగటి వెలుతుర్లో దాని మంట కూడా సరిగా కనపడదు. డిప్లొమాలో లాబ్ చేసినవాణ్ణే, అయినా పిల్లలు తిరిగే పెరట్లో అది చేయమని నేను చెప్పను.

మరి నేనెందుకు ఇంకా నూనె తెస్తున్నాను? నా లెక్కలో డీజిల్ మిగలడం రెండో సంగతి. నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే వంటకి వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. అదే ఏడాది ఆగస్టు 10న వాడిన నూనెని బయోడీజిల్‌కి మళ్లించే 'రూకో' మొదలుపెట్టింది. బానే ఉంది. కానీ రోజుకి 50 లీటర్లు దాటి వాడేవాళ్లే రికార్డు రాయాలి, అనుమతి ఉన్న ఏజెన్సీకి ఇవ్వాలి. సాయంత్రం తెనాలి వీధుల్లో పునుగులు వేసే బండికి ఐదారు లీటర్లు పడితే గొప్ప. అది ఈ లెక్కలోకే రాదు. ఆ నల్లనూనె ఎక్కడికి పోతుంది? ఒక బండాయన మొహమాటం లేకుండా చెప్పాడు: కొంత రేపటి మూకుట్లోకి, మిగిలింది తనకన్నా చిన్న బండికి. మనం ఎరువు లేని బియ్యం, మందు కొట్టని కూరగాయలు అంటూ తిరిగి, మన పిల్లలకి సాయంత్రం కొనిపెట్టేది ఇదేనండి.

అందుకే నేను నాలుగు బండ్లతో మాట్లాడుకున్నాను. లీటరు 40కి కొంటాను, వాళ్లు దాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టరు. అందులో ఎక్కువ భాగం డబ్బాలకెత్తి, అనుమతి ఉన్న సేకరణదారుకే అమ్ముతాను. లాభం పెద్దగా లేదు, ఒక్కోసారి ఆటో ఖర్చు కూడా రాదు. పదిమంది రైతులు కలిస్తే వస్తుందని నా అంచనా. మన సంఘాలు పాలు పోగుచేసినట్టే దీన్నీ పోగుచేయొచ్చు.

కొంచెం మాత్రం మా ఆయిలింజనుకి పోస్తాను. నాలుగు లీటర్ల డీజిల్‌కి ఒక లీటరు, అంతకు మించను. స్టార్ట్ చేసేది డీజిల్ మీదే, ఆపే ముందు పది నిమిషాలూ డీజిలే. ఇరవై రెండేళ్ల ఇంజను కాబట్టి, పోయినా నాదే కాబట్టి చేస్తున్నాను. ఫిల్టరు మామూలు కంటే రెట్టింపు సార్లు మారుస్తున్నాను, ఆ ఖర్చు కూడా ఈసారి వీడియోలో చూపించాను.

ట్రాలీ ఆటోకి, కారుకి, కొత్త ట్రాక్టరుకి వద్దు. "కొంచెం కలిపితే ఏమవుద్ది అన్నా" అని అడగబోయేవాళ్లకి కూడా ఇదే జవాబు. పాత ఇంజన్లున్నవాళ్లు మోడలు, ఎన్నేళ్లదో కింద రాయండి, నాకు తెలిసినంతవరకు చెప్తాను. పోసిన తర్వాత కాదు, పోయకముందు రాయండి.