మీ పేరు మీకు తెలుసా?

పామర్రు సెంటర్‌లో నిలబడితే ఒక రోడ్డు విజయవాడకి, ఒకటి బందరుకి, ఒకటి గుడివాడకి, ఇంకొకటి కూచిపూడి మీదుగా చల్లపల్లికి పోతాయి. ఏదైనా నోటిఫికేషన్ పడిందంటే అక్కడి నెట్ సెంటర్లలో కూర్చోడానికి కుర్చీ దొరకదు. దరఖాస్తు నింపే కుర్రాడు అడిగే మొదటి ప్రశ్న ‘సర్‌నేమ్ ఏంటి?’ ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగిపోతారు. ఇంటిపేరు చెప్పాలా? చివర ఉన్న ‘రావు’ చెప్పాలా? నాన్న పేరా? ఆఖరికి ‘ఏదో ఒకటి కొట్టెయ్ అన్నా’ అంటారు. ఆ ‘ఏదో ఒకటి’ దగ్గరే కష్టాలు మొదలవుతాయని నా అనుభవం.

నా సంగతే చెబుతా. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు పూర్తిగా ముందుంది. డిగ్రీలో ఒక్క అక్షరానికి కుదించారు. పాన్ కార్డులో చివరికి పోయింది. బ్యాంకు పుస్తకంలో అసలు లేనే లేదు. మొదటి ఉద్యోగంలో చేరేటప్పుడు కాగితాలు పరిశీలించినవాళ్లకి నేను ఒక మనిషిలా కనపడలేదు, ఇద్దరు ముగ్గురిలా కనపడ్డాను. అఫిడవిట్టు, నోటరీ, కాలేజీ చుట్టూ తిరుగుళ్లు అయ్యేసరికి నాతోపాటు ఎంపికైనవాళ్లు మొదటి జీతం తీసుకున్నారు. చదువులో లోటు లేదు, ఇంటర్వ్యూలో లోటు లేదు. నా పేరు నాకే సరిగ్గా తెలియకపోవడమే లోటు.

అందుకే అంటున్నా. రెజ్యూమెలో మొదటి వరుసలో ఉండేది మీ పేరే. దాని గురించి మీకు రెండు సంగతులు తెలిసుండాలి. అందులో ఏ ముక్క ఏమిటి? దాని అర్థం ఏమిటి?

ఇంటిపేరు ముందే ఎందుకు?

ఇంటిపేరు ముందు రాయడం మనకి అలవాటు మాత్రమే కాదు, అందులో మన వ్యాకరణం ఉంది. ‘ఊరు’ అనే మాట ‘ఊరి చెరువు’ అన్నప్పుడు ‘ఊరి’ అయినట్టే, టంగుటూరు ‘టంగుటూరి’ అయింది. టంగుటూరి ప్రకాశం అంటే టంగుటూరు వాళ్ల ప్రకాశం అని. ఊళ్లనుంచి వచ్చిన ఇంటిపేర్లు చాలావరకు ఇలాంటివే. ‘గుడివాడ బస్సు’ని ‘బస్సు గుడివాడ’ అనం కదా! ఇంటిపేరును చివరికి తోసేస్తే తెలుగు చెవికి ఇబ్బందిగా ఉండేది అందుకే.

పామర్రు మండలంలోని నిమ్మకూరులో 1923లో పుట్టిన నందమూరి తారక రామారావును లోకమంతా ఎన్టీఆర్ అంది. ఆ మొదటి అక్షరం ఇంటిపేరుదే. పక్కనే కూచిపూడిలో వెంపటి వారింట ఇద్దరు సత్యాలు ఉన్నారు. ఇద్దరూ నాట్యాచార్యులే. అందుకే ఒకరు పెద సత్యం, ఇంకొకరు చిన సత్యం అయ్యారు. ఇల్లు ఏదో ఇంటిపేరు చెప్పింది, ఆ ఇంట్లో ఎవరో ‘పెద’, ‘చిన’ చెప్పాయి. ఏ ఫారమ్ అవసరం లేకుండా మన ఊళ్లు మనుషుల్ని గుర్తుపట్టిన పద్ధతి ఇది.

ఇబ్బంది ఊరు దాటాక వస్తుంది. పాములపర్తి వెంకట నరసింహారావు ప్రధాని అయినప్పుడు విదేశీ పత్రికలు ఆయన్ని ‘మిస్టర్ రావు’ అని రాశాయి. ‘రావు’ మన దగ్గర ఇంటిపేరు కాదు, పేరు చివర చేర్చుకునే గౌరవపదం. వాళ్లకి మాత్రం చివర ఏది ఉంటే అదే ఇంటిపేరు. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల విషయంలో ఇంకోలా జరిగింది. అక్కడి వరసకి తగ్గట్టు ఇంటిపేరు చివరికి వెళ్లింది గానీ పోలేదు. ‘నాదెళ్ల’ అనగానే తెలుగువాడని మనం పోల్చుకోగలుగుతున్నాం.

ముందు ఇంటిపేరు రాసేది మనమొక్కళ్లమే అనుకోకండి. చైనా, కొరియా, జపాన్ వాళ్లదీ ఇదే వరస. యూరప్‌లో హంగరీ వాళ్లదీ ఇదే. జపాన్ ప్రభుత్వమైతే 2020 జనవరి నుంచి ఇంగ్లిషులో రాసే అధికార పత్రాల్లో కూడా తమవాళ్ల ఇంటిపేరును ముందే రాయాలని నిర్ణయించింది. పక్కనే ఉన్న తమిళనాడులో ఇనీషియల్ అంటే సాధారణంగా నాన్న పేరు. మనకి అది ఇంటిపేరు. ఐస్‌లాండ్‌లో చాలామందికి ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరుకో తల్లి పేరుకో ‘కొడుకు’, ‘కూతురు’ అనే అర్థం వచ్చే మాట చేర్చుకుంటారు. వాళ్ల ఫోన్ డైరెక్టరీలో కూడా సొంత పేర్ల వరసే.

కాబట్టి మీ పేరులో తప్పు లేదు. ఎవరి ఆచారాన్నో చూసి గీసిన గడిలో మన పేరు పట్టడం లేదంతే. మన దేశంలో ఉద్యోగాలిచ్చేవాళ్లు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు ముక్కలు చేయకుండా ‘పూర్తి పేరు’ అని ఒకే గడి పెడితే సగం తలనొప్పి పోతుంది. ఆధార్‌లో చేసింది అదే కదా. కంపెనీలు, విశ్వవిద్యాలయాలు ఎందుకు చేయలేవు?

అర్థం అడిగితే ఏం చెబుతారు?

ఇంటర్వ్యూలో కుర్చీలో కూర్చోగానే ‘మీ పేరుకి అర్థం ఏంటి?’ అని అడగడం మామూలే. మిమ్మల్ని ఇరికించడానికి కాదు, కాస్త కుదుటపడతారని అడుగుతారు. ‘తెలీదు సార్, మావాళ్లు పెట్టారు’ అన్నారంటే తేలిక ప్రశ్నని చేజేతులా వదులుకున్నట్టే.

మన క్లాసుల్లో రోజూ వినపడే పేర్లే చూడండి. లావణ్య అంటే అందం అని అందరికీ తెలుసు. దాని మూలం ‘లవణం’, అంటే ఉప్పు. ఉప్పు లేని కూర ఎలా ఉంటుందో, ఆ కళ లేని ముఖం అలా ఉంటుందని పూర్వులు అనుకున్నారన్నమాట. సుబ్బారావు అంటే నవ్వుతారు గానీ అది సుబ్రహ్మణ్యేశ్వరుడి పేరు. మన డెల్టాలో మోపిదేవి గుడి ఉంది. పిల్లల కోసం అక్కడ మొక్కుకున్న ఇళ్లలో సుబ్బారావులు, నాగేశ్వరరావులు, నాగమణులు ఎందుకు ఉంటారో వేరే చెప్పాలా?

యోహాను అనే పేరు తీసుకోండి. ‘దేవుడు దయ చూపాడు’ అని హీబ్రూలో దాని అర్థం. అదే పేరు ఇంగ్లిషులో జాన్, జర్మన్‌లో యోహాన్, స్పానిష్‌లో హువాన్, రష్యన్‌లో ఇవాన్, ఇటాలియన్‌లో జొవాన్ని అయింది. చర్చి పక్క వీధిలో ఉన్న యోహానుకి సగం ప్రపంచంలో పేరింటివాళ్లు ఉన్నారు. అబ్దుల్ అంటే అరబ్బీలో ‘ఫలానావారి సేవకుడు’ అని. అబ్దుల్ రహమాన్ అంటే కరుణామయుడి సేవకుడు. ఒట్టి అబ్దుల్ అని ఆపేస్తే మాట సగంలో ఆగినట్టు. షేక్ అంటే పెద్ద అని గౌరవంగా పిలిచే మాట. మన జిల్లాల్లో అది తెలుగు వరసకి అలవాటుపడి ఇంటిపేరులా ముందుకొచ్చి కూర్చుంది.

కమ్యూనిస్టు ఉద్యమం సాగిన కృష్ణా జిల్లా పల్లెల్లో లెనిన్‌లు, స్టాలిన్‌లు, గోర్కీలు కనపడతారు. స్టాలిన్ అనే మాట రష్యన్‌లో ఉక్కు నుంచి వచ్చింది. గోర్కీ అంటే చేదు. ముగ్గురివీ కన్నవాళ్లు పెట్టిన పేర్లు కావు, వాళ్లంతట వాళ్లు ఎంచుకున్నవి. మీ పేరు అదైతే, ఆ పేరు పెట్టిన తాతకి ఒక కల ఉండేదని చెప్పగలగాలి.

ఇక పెంటయ్య, తవిటయ్య. ఈ పేర్లని దాచుకునేవాళ్లని చూశాను. పుట్టిన బిడ్డలు దక్కని రోజుల్లో, ఈ బిడ్డనైనా చావు కన్నెత్తి చూడకూడదని పెంటకుప్ప మీద పెట్టి తీసుకొచ్చేవాళ్లు, తవుడుకి కొన్నట్టు చేసేవాళ్లు. చైనా పల్లెల్లో ‘కుక్క వదిలేసింది’ అనే అర్థం వచ్చే పేరు పెట్టేవాళ్లు. అక్కడా ఇక్కడా తల్లి భయం ఒకటే. అది నామోషీ పేరు కాదు. బిడ్డని బతికించుకోవాలన్న ఆరాటం.

పేరు చూసి మనిషిని తూచితే

ఒక చేదు నిజం కూడా మాట్లాడుకోవాలి. మన దగ్గర ఇంటిపేరు వినగానే కొందరు కులం లెక్క వేస్తారు. సొంత పేరు వినగానే మతం లెక్క వేస్తారు. అమెరికాలో 2004లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఒకే తరహా రెజ్యూమెలు వేర్వేరు పేర్లతో పంపితే, నల్లజాతివారి పేర్లలా వినిపించేవాటికి పిలుపులు తక్కువ వచ్చాయి. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఇలాగే ప్రైవేటు కంపెనీలకి దరఖాస్తులు పంపి చూశారు. 2007లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చిన వాళ్ల వ్యాసం ప్రకారం, అర్హతలు సమానమే అయినా దళిత, ముస్లిం పేర్లకి పిలుపు వచ్చే అవకాశం తగ్గింది.

దీనికి మందు పేరు మార్చుకోవడమే అంటే నేను ఒప్పుకోను. తప్పు తూచేవాడిదైతే సరుకు ఎందుకు మారాలి? మొదటి వడపోతలో పేర్లు కనపడకుండా రెజ్యూమెలు చూడమని కంపెనీలని అడగాలి. రేపు మీరు ఆ కుర్చీలో కూర్చున్న రోజున ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎవరికివారు కావాలని మార్చుకుంటే అది వేరే సంగతి. ఆ హక్కు మీకుంది. పేరు మనిషి గుర్తింపులో భాగమని 2021లో సీబీఎస్‌ఈ సర్టిఫికెట్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఇంకో కేసులో, తండ్రి చనిపోయిన బిడ్డకి ఏ ఇంటిపేరు ఉండాలో నిర్ణయించే హక్కు తల్లికి ఉందని 2022లో తీర్పిచ్చింది. ఆడపిల్లలూ గుర్తుంచుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. మార్చుకుంటారా లేదా అన్నది మీ ఇష్టం. ఉద్యోగ వేటలో ఉన్నప్పుడు మాత్రం సర్టిఫికెట్ల మీద ఉన్న పేరునే వాడండి.

ఈ వారంలో చేయాల్సిన పని

పదో తరగతి సర్టిఫికెట్, ఇంటర్, డిగ్రీ మెమోలు, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం ఒకే మంచం మీద పరవండి. పేరు అక్షరం అక్షరం పోల్చండి. చాలా ఉద్యోగాలకి పదో తరగతి సర్టిఫికెట్టే ఆధారం కాబట్టి మిగతావాటిని దాని దారికి తీసుకురండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం సాధారణంగా రెండుసార్లే. తొందరపడి ఖర్చు చేయకండి. పదిలోనే తప్పుంటే ముందుగా బడికి వెళ్లి హెడ్‌మాస్టర్‌గారిని కలవండి.

పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు పొడి అక్షరాలు కుదరవు, పేరు విప్పి రాయాలి. ఇంటిపేరుని సర్‌నేమ్ గడిలో, మిగతాదంతా గివెన్ నేమ్ గడిలో రాయండి. ఏ గడీ ఖాళీగా వదలకండి. పాస్‌పోర్టులో ఒకే పేరున్న సందర్శకులని రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. గివెన్ నేమ్ ఖాళీగా ఉన్నవాళ్లకి అమెరికా వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ అని, అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. ఊరూ పేరూ ఉన్న మనిషికి ఆ రాత ఎందుకు?

ఒక హెచ్చరిక. కలిసొస్తుందని ఎవరో చెప్పారని స్పెల్లింగులో ఇంకో ‘ఏ’, ఇంకో ‘ఐ’ ఇరికించుకోకండి. ఆ ఒక్క అక్షరం అదృష్టం తెస్తుందో లేదో గానీ, అఫిడవిట్టు మాత్రం తప్పకుండా తెస్తుంది.

చివరిగా, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర పది నిమిషాలు కూర్చుని ‘నాకీ పేరు ఎందుకు పెట్టారు? మన ఇంటిపేరు ఏ ఊరిది?’ అని అడగండి. తమిళంలో మనవణ్ణి ‘పేరన్’ అంటారు, తాత పేరు నిలిపేవాడని. మనకీ ఆ ఆచారం ఉంది. నాది మా తాత పేరే. ఉద్యోగంలో చేరడం ఆలస్యమై ఇంట్లో కూర్చున్న రోజుల్లో, కాగితాల గొడవంతా విని ఆయన ఒక్క మాట అన్నాడు: ‘ఎనభై ఏళ్లు మోశాన్రా ఆ పేరు, ఒక్క మచ్చ పడనివ్వలా. నీకిస్తే నాలుగు కాగితాల్లో నాలుగు రకాలు చేశావు.’

ఆ సాయంత్రమే కూర్చుని అన్నీ సరిచేయడం మొదలుపెట్టా. మీరు అంతవరకు తెచ్చుకోకండి. పేరు తెచ్చుకోవడం తర్వాత సంగతి, ముందు ఉన్న పేరు తెలుసుకోండి.