యువజనులకు ఉపాధి: సినిమా స్పెషల్ ఎఫెక్ట్స్ పని - చదువు, ఎదుగుదల



కృష్ణా జిల్లా నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల నా ముందున్నది. ఆమె కుమారుడు ఇంటర్ ఎం.పి.సి. పాసయ్యాడు. బొమ్మలు బాగా వేస్తాడు. హైదరాబాదులో ఒక ఇన్‌స్టిట్యూట్ వారు ఏడాది వి.ఎఫ్.ఎక్స్. కోర్సుకు మూడు లక్షలు అడిగారట, చేరితే ఉద్యోగం ఖాయమని మాట ఇచ్చారట. భర్త అరెకరం పొలం తాకట్టు పెట్టడానికి సిద్ధమయ్యారు. సంఘ పెద్దలేమో సినిమా పని విశ్వాసి బిడ్డకు తగదంటున్నారు. పొలం ఒకవైపు, పిల్లవాడి ఆశ మరొకవైపు, ఆ తల్లికి రాత్రులు నిద్ర పట్టడం లేదు. ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి గనుక కాస్త విపులంగానే వ్రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. స్పెషల్ ఎఫెక్ట్స్ అని మనం ఒకే మాటగా అనేదానిలో రెండు వేరువేరు వృత్తులున్నాయి. షూటింగ్ స్థలంలో వాన కురిపించడం, పొగ, గాలి, మంట, పేలుడు, చిన్న నమూనాల నిర్మాణం మొదటిది. తీసిన దృశ్యాన్ని కంప్యూటర్‌లో మార్చడం రెండవది. దీనినే వి.ఎఫ్.ఎక్స్. అంటారు. మన పెద్దల కాలంలో ట్రిక్ ఫొటోగ్రఫీ అనేవారు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఘటోత్కచుని నోటిలోకి లడ్డూలు వాటంతటవే వెళ్లిన దృశ్యం గుర్తుందా? మార్కస్ బార్‌ట్లీ గారు కెమెరాతోనే అలాంటివి సాధించారు. తరువాత 'అమ్మోరు' (1995) నాటికి కంప్యూటర్ వచ్చింది. 'మగధీర', 'ఈగ', 'బాహుబలి' రెండు భాగాలు, 'ఆర్.ఆర్.ఆర్.' - ఇవన్నీ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు పొందిన తెలుగు చిత్రాలే. కనుక పని మన దగ్గరే ఉన్నది. దాని కోసం బొంబాయి, మద్రాసు పరుగెత్తనవసరం లేదు.

ఈ సహోదరి కుమారుడు కోరుకున్నది రెండవ వృత్తి. అందులో చేరినవాడు మొదటి రోజే డైనోసార్‌ను సృష్టిస్తాడనుకుంటే పొరపాటు. చాలామంది రోటో అనే పనితో మొదలుపెడతారు. నటుని ఆకారం చుట్టూ గీత గీసి, వెనుకనున్న దృశ్యం నుండి వేరుచేయడమే రోటో. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. పది సెకన్ల దృశ్యమంటే 240 ఫ్రేములు. గాలికి ఎగిరే జుట్టు కూడా వదలకూడదు! తీగలు, స్తంభాలు చెరిపివేసే పని దీనికి తోడుగా ఉంటుంది. ఓర్పు లేనివారు ఇక్కడే మానేస్తారు. ఆపై కెమెరా కదలికను కంప్యూటర్‌లో తిరిగి లెక్కగట్టే మ్యాచ్‌మూవ్, వేరువేరు భాగాలను ఒకే దృశ్యంగా అతికే కంపోజిటింగ్, వెలుతురు అమర్చే లైటింగ్, నీరు-నిప్పు-ధూళి పుట్టించే ఎఫ్.ఎక్స్. విభాగం. ఈ చివరిదానికి ఇంటర్ ఫిజిక్సు, లెక్కలు బాగా అక్కరకొస్తాయి. ఎం.పి.సి. చదివింది వృథా కాదని ఆ అబ్బాయికి చెప్పండి.

కొన్నేళ్లు నిలకడగా చేసినవారు సీనియర్, లీడ్ అవుతారు. పై మెట్టు సూపర్‌వైజర్. ఆయన షూటింగ్‌కు స్వయంగా వెళ్లి, కెమెరా ఎత్తు, లెన్స్, లైట్ల స్థానం వ్రాసుకుంటాడు. అద్దంలా మెరిసే బంతినొకటి, బూడిదరంగు బంతినొకటి కెమెరా ముందు పెట్టి ఫొటో తీయిస్తాడు, వెలుతురు ఎటునుండి పడుతున్నదో తరువాత తెలియడానికి. దర్శకునితో మాట్లాడాలి, ఖర్చు అంచనా వేయాలి, క్రిందివారికి నేర్పాలి. చేతిపనిలో మొనగాడైనా మనుషులతో మెలగలేనివాడు ఈ మెట్టు ఎక్కలేడు.

ఇక అర్హతల సంగతి. ఉద్యోగమిచ్చే స్టూడియో సర్టిఫికెట్ కంటే ముందు షో రీల్ చూస్తుంది. అంటే అభ్యర్థి తాను చేసిన పనిని ఒకటి రెండు నిమిషాలలో చూపే వీడియో. అందులో ఏది తాను చేశాడో, ఎలా చేశాడో విడదీసి చూపాలి. ఇతరుల పనిని తనదని పెట్టినవాడు పరీక్షగా ఇచ్చిన మొదటి షాట్‌లోనే దొరికిపోతాడు. అయినా డిగ్రీ అక్కర్లేదనే మాట నమ్మవద్దు. విదేశాలలో వర్క్ వీసా అడిగేటపుడు, ఈ రంగం వదలి మరొకటి వెదకవలసి వచ్చినపుడు డిగ్రీయే కాపాడుతుంది. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇంటర్ తరువాత నాలుగేళ్ల బి.ఎఫ్.ఎ.లో యానిమేషన్ శాఖ ఉన్నది, ప్రవేశ పరీక్ష వ్రాయాలి. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లోను యానిమేషన్ ఉన్నది గాని పోటీ ఎక్కువ. బొమ్మలు వేసే చేయి గలవాడు ఈ పరీక్షలకు కూర్చోకుండా నేరుగా ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌కు పోవడం నాకు సమ్మతం కాదు.

మొదటి వృత్తిలోకి, అంటే షూటింగ్ స్థలపు పనిలోకి, వెళ్లాలనుకునేవారికి నా సలహా ఐ.టి.ఐ. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ - ఏదో ఒక ట్రేడ్ చేతిలో ఉంచుకుని అనుభవజ్ఞుడైన మాస్టర్ దగ్గర చేరాలి. సినిమా లేనినాడు కూడా ఆ ట్రేడ్ అన్నం పెడుతుంది. బ్రిటన్‌లో ఈ పనివారికి శిక్షణార్థి, టెక్నీషియన్, సీనియర్ టెక్నీషియన్, సూపర్‌వైజర్ అని మెట్లున్నాయి. చేసిన పని లెక్కవ్రాసి చూపితేనే పై మెట్టు. మన దగ్గర అంత కట్టుబాటు లేదు గనుక జాగ్రత్త మనదే. పేలుడు పదార్థాలు ముట్టడానికి చట్టప్రకారం అనుమతి ఉండాలి. అది లేని మాస్టర్ దగ్గర ఎంత జీతమిచ్చినా పిల్లలను ఉంచవద్దు.

ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఇన్‌స్టిట్యూట్‌వారు చెప్పని సంగతి ఒకటున్నది. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా స్టూడియోకు హైదరాబాదులోను శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. సరిగ్గా అదే నెలలో, అవార్డుకు కొద్ది రోజుల ముందు, ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది! పని లోకమంతా మెచ్చినా కంపెనీ నిలవలేదు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ గ్రూపు కూలినపుడు బెంగుళూరులో వేలమంది ఒక్కసారిగా వీధిన పడ్డారు. కారణం ఊహించదగినదే. బేరం ముందే కుదురుతుంది, మార్పులు మాత్రం చివరిదాకా వస్తూనే ఉంటాయి, ఆ భారం స్టూడియోపై పడుతుంది. దానికి తోడు రోటో, చెరిపివేత వంటి మొదటి మెట్టు పనులు యిప్పుడు కృత్రిమ మేధ సాయంతో త్వరగా జరిగిపోతున్నాయి. పిల్లలు చేరే తలుపే ఇరుకవుతున్నది. ఒక్క రోటో నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సుకు మూడు లక్షలంటే నా దృష్టిలో అన్యాయం.

పెద్దల అభ్యంతరం గురించి. నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలు, అహోలీయాబుల సంగతి చదవండి. చేతిపని నేర్పు దేవుడిచ్చినదేనని అక్కడ స్పష్టంగా ఉన్నది. ఏ దృశ్యానికి పనిచేయాలి, దేనికి చేయకూడదు అనేది ఆ యువకుని మనస్సాక్షికి వస్తుంది. కొత్తగా చేరినవానికి షాట్ ఎన్నుకునే స్వేచ్ఛ ఉండదని ముందే తెలిసి ఉండాలి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది పని గంటలు. విడుదల తేదీ దగ్గరపడితే రాత్రులు, ఆదివారాలు కూడా స్టూడియోలోనే గడుస్తాయి. ఆరాధనకు దూరమై, నిద్ర లేక, వెన్ను పాడైన పిల్లల గురించి పెద్దలు మాట్లాడితే బాగుండును. సినిమా అనే పేరునే తప్పుపట్టడం వల్ల వారి మాట పిల్లలకు చేరడం లేదు.

సహోదరీ, పొలం ఇప్పుడు తాకట్టు పెట్టవద్దు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం లూకా 14వ అధ్యాయంలో ఉన్నది, మీవారితో కలిసి చదవండి. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మంచి కంప్యూటర్ ఒకటి సంపాదించి అబ్బాయిని ఆరు నెలలు దానిమీద కూర్చోనివ్వండి. ఒక చిన్న దృశ్యాన్ని ముగించేదాకా విసుగు చెందకపోతే అతనిలో పట్టు ఉన్నట్టే. ఈలోగా ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షకు తయారుకానివ్వండి. అప్పటికీ ఇన్‌స్టిట్యూటే కావాలంటే నేరుగా అడగవలసినవి ఇవి: బోధించేవారు ఏ సినిమాలకు పనిచేశారు? కిందటి బ్యాచ్ పిల్లల షో రీల్స్ చూపుతారా, వారితో మాట్లాడనిస్తారా? ఫీజు వాయిదాలలో తీసుకుంటారా? మధ్యలో మానితే ఎంత తిరిగి ఇస్తారు? ఉద్యోగం ఖాయమన్న మాట కాగితం మీద ఉన్నదా, ఏ జీతానికి? వారు ఇచ్చిన ఒప్పంద పత్రం జిరాక్సు తీసి పత్రిక కార్యాలయానికి పంపండి. సంతకం చేయకముందే పంపండి, చదివి జవాబు వ్రాస్తాను.