బండి వైద్యం: కారు కింద మచ్చ, మూతలో మీగడ

అక్కడ మామిడి చిగుళ్లూ కోయిల కూతలూ అయితే, ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఆకులు రాలే కాలం. తెల్లవారేసరికి కారు అద్దాల మీద మంచు చెమ్మ. వేప పువ్వు కోసం మనం పడే అవస్థలు ఎలాగూ ఉన్నవే. వాటికి తోడు ఈ చలి మొదలయ్యే వేళకు నాకు సభ్యుల నుంచి రెండు రకాల ఫోన్లు ఎక్కువవుతాయి. "ఏమండీ, మా డ్రైవ్‌వే మీద నల్ల మచ్చ పడుతోంది" అనేది ఒకటి. "ఆయిల్ పోసే మూత తీస్తే లోపల మీగడలా తెల్లగా ఉంది, మెకానిక్ హెడ్ గాస్కెట్ పోయిందంటున్నాడు, బండి అమ్మేద్దామా?" అనేది రెండోది. కిందటి సంచికలో టైర్ల సంగతి రాసినప్పుడు, ఈసారి దీని గురించి రాస్తానని కొందరికి మాట ఇచ్చాను.

ఈ ప్రశ్న వినడానికి చిన్నదే కాని, మన ఇళ్లలో దీని బరువు తక్కువేమీ కాదు. 2021 జనవరి నాటి ప్రభుత్వ లెక్కల్లో ఈ దేశంలో రిజిస్టరైన వాహనాల సగటు వయసు 10.6 ఏళ్లు. ఫోర్డ్ 2016 అక్టోబరులోనూ, టొయోటా, హోల్డెన్ 2017 అక్టోబరులోనూ ఇక్కడ కార్ల తయారీ ఆపేశాయి. ఆల్టోనాలో పుట్టిన క్యామ్రీ కానీ, ఎలిజబెత్‌లో పుట్టిన కమడోర్ కానీ, బ్రాడ్‌మెడోస్‌లో పుట్టిన ఫాల్కన్ కానీ ఇప్పుడు నడివయసు దాటినవే. అలాంటి బండ్లే కొత్తగా పీ ప్లేటు తగిలించుకున్న మన పిల్లలకూ, చదువుకోవడానికి వచ్చిన మేనల్లుళ్లకూ దక్కుతాయి. మూడు వేల డాలర్లు పెట్టి కొన్న బండికి రెండున్నర వేల రిపేరు అంటే ఆ కుర్రవాడి దగ్గరున్నదంతా ఊడ్చిపెట్టుకుపోతుంది. చేయించకపోతే రాత్రివేళ ఫ్రీవే మీద ఇంజిన్ పట్టేస్తుందేమోనని తల్లిదండ్రులకు బెంగ.

నేను మెకానికల్ ఇంజనీరుని, మా ఆవిడ డాక్టరు. ఇలాంటి ఫోను వచ్చినప్పుడల్లా ఆవిడ వంటింట్లోంచి ఒకే మాట అంటుంది: "కడుపు నొప్పి అని వచ్చిన ప్రతివాడికీ కడుపు కోస్తామా అండీ? ముందు చెయ్యిపెట్టి చూస్తాం, రక్తం చూస్తాం, స్కాను తీస్తాం. అప్పుడు కదా ఆపరేషన్." ఇంజిన్ హెడ్ విప్పడం అంటే ఆపరేషన్ బల్ల ఎక్కించడమే. దానికి ముందు చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం మనమే చేసుకోవచ్చు. అవేవీ చేయకుండా మూత చూసి ముహూర్తం పెట్టేవాణ్ణి నమ్మనక్కర్లేదు.

ముందు మచ్చ సంగతి. రాత్రి బండి నిలిపాక ఇంజిన్ కింద పెద్ద అట్టముక్క ఒకటి పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెట్టండి. పొద్దున్న అదే మీ మొదటి రిపోర్టు. నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటే ఇంజిన్ ఆయిల్. ఎర్రగా జిడ్డుగా ఉంటే చాలావరకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌దో పవర్ స్టీరింగ్‌దో. పచ్చగా, గులాబీగా, నీలంగా పల్చగా ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. ఉత్త నీళ్లయితే ఏసీది, దాన్ని వదిలేయండి. లేత పసుపు రంగులో జారుడుగా, చక్రానికి దగ్గరగా ఉంటే బ్రేక్ ఫ్లూయిడ్ కావచ్చు. అప్పుడు మాత్రం ఆ బండి అక్కడినుంచి కదలకూడదు, మెకానికే మీ ఇంటికి రావాలి.

ఇంజిన్ ఆయిలే అని తేలితే, మచ్చ పడ్డ చోటికి నేరుగా పైన వెతకడం దండగ. పైనెక్కడో కారిన ఆయిల్ ఇంజిన్ ఒంటి వెంట జారి, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కొట్టుకుపోయి, చివరికి ఇంకెక్కడో బొట్టుగా రాలుతుంది. ఇంటి కప్పు కారినప్పుడు నీళ్లు పడే చోటు ఒకటి, పెంకు పగిలిన చోటు ఒకటి అయినట్టే. అందుకని తడిగా ఉన్న అన్నిటికంటే పై చోటు ఏదో చూడాలి. పాత ఇంజిన్ మీద ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు ఉంటే అది కనిపించదు. చల్లటి ఇంజిన్‌ను, ఆల్టర్నేటర్ మీదా గాలి పీల్చే గొట్టం మీదా ప్లాస్టిక్ సంచులు కట్టి, డిగ్రీజర్‌తో కడిగించండి. ఆ జిడ్డు వీధి కాలవలోకి పోకుండా కార్ వాష్‌లో చేయించడం మేలు. ఆరాక, అనుమానం ఉన్న అతుకుల మీద మామూలు టాల్కం పౌడర్ చల్లి ఇరవై కిలోమీటర్లు తిప్పుకు రండి. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ గీత ఎక్కడ మొదలైందో చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. అప్పటికీ దొరక్కపోతే ఆయిల్‌లో కలిపే రంగు ఒకటి ఉంది. అతినీలలోహిత దీపం వేస్తే కారే చోట మెరుస్తుంది. మెకానిక్ దగ్గర ఇది పెద్ద ఖర్చు కాదు.

నా అనుభవంలో నూటికి ఎక్కువ భాగం తేలేది రాకర్ కవర్ గాస్కెట్ దగ్గరే. ఇంజిన్ నెత్తిన ఉండే మూతకు వేసే రబ్బరు పట్టీ అది. పదిహేనేళ్ల వేడికి ఎండి, గట్టిపడి, పాత అప్పడంలా విరుగుతుంది. చాలా నాలుగు సిలిండర్ల బండ్లలో ఒక పూట పని. ఆయిల్ ప్రెషర్ స్విచ్, సరిగ్గా బిగించని ఆయిల్ ఫిల్టర్, సంప్ ప్లగ్గు వాషర్ కూడా ఇలాంటి చిల్లర దొంగలే. ఇంజినుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే రియర్ మెయిన్ సీల్ మాత్రం ఖరీదైన వ్యవహారం. సీల్ ధర కొంచెమే, దాన్ని చేరుకోవడానికి గేర్‌బాక్స్ దింపాలి. అందుకే ఆ పేరు చెప్పినవాణ్ణి, పై గాస్కెట్ పొడిగా ఉందని చూపించమని అడగండి.

ఇక్కడ ఒక చిన్న వస్తువును చాలామంది మరిచిపోతారు. పి.సి.వి. వాల్వ్ అని, ఇంజిన్ కడుపులో చేరే ఆవిర్లను మళ్లీ లోపలికి పీల్పించి మండించేది. అది మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్లలోంచి కూడా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. గాస్కెట్లన్నీ మార్చినా మూడు నెలల్లో మళ్లీ కారిందంటే ముందు దీన్ని అనుమానించాలి. చాలా బండ్లలో ఇది చౌక వస్తువు.

సుబారు ఉన్నవాళ్లకు వేరే మాట. వాటి సిలిండర్లు నిలువుగా కాక, పడుకోబెట్టినట్టు అడ్డంగా ఉంటాయి. రాకర్ కవర్ కారితే ఆయిల్ తిన్నగా కింద వేడి పొగ గొట్టం మీద పడి కమురు వాసన కొడుతుంది. 1990ల చివరా 2000ల్లోనూ వచ్చిన వాటి 2.5 లీటర్ల ఇంజిన్లలో హెడ్ గాస్కెట్ అంచు నుంచే ఆయిలో కూలెంటో బయటికి కారడం లోకం ఎరిగిన జబ్బు. ఆ బండి కొనేటప్పుడు కింద నుంచి టార్చి వేసి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఇప్పుడు మీగడ దగ్గరికి వద్దాం. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. అదంతా ఆవిరిగా వెనక గొట్టంలోంచి పోతుంది కాని, కొద్దిగా పిస్టన్ రింగుల పక్కనుంచి ఇంజిన్ కడుపులోకి జారుతుంది. బండి బాగా వేడెక్కేదాకా నడిస్తే ఆ చెమ్మ ఎగిరిపోతుంది. ఇంటి నుంచి స్టేషనుకు మూడు కిలోమీటర్లు, స్టేషను నుంచి ఇంటికి మూడు కిలోమీటర్లు నడిచే బండిలో, అదీ జూన్, జూలై చలిలో, ఎగరదు. ఇంజిన్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోటు ఆ ఆయిల్ మూత. అన్నం గిన్నె మూతకు నీటి బొట్లు పట్టినట్టు అక్కడ చెమ్మ పట్టి, ఆయిల్‌తో చిలికి మీగడవుతుంది. కనుక మూతలో మీగడ ఒక్కటే కనిపిస్తే అది జబ్బు కాదు, బండికి వ్యాయామం లేదని అర్థం. మూత తుడిచి, ఒక గంట ఫ్రీవే మీద నడిపి, వారం తర్వాత మళ్లీ చూడండి. డిప్‌స్టిక్ మీద ఆయిలే కాఫీలో పాలు పోసినట్టుంటే మాత్రం అది వేరే కథ.

మాకు తెలిసిన ఒక విద్యార్థికి 2004 నాటి సెడాన్ ఉండేది. ఒక వర్క్‌షాపులో మూత తీసి చూసి, కింద మచ్చ చూపించి, హెడ్ గాస్కెట్ అని 2,800 డాలర్ల ఎస్టిమేటు చేతిలో పెట్టారు. ఒక్క పరీక్షా రాయలేదు ఆ కాగితంలో. బండి మా గరాజుకు తెచ్చాడు. డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంది, కూలెంట్ మట్టం పది రోజులైనా వెంట్రుకవాసి తగ్గలేదు, పౌడర్ పరీక్షలో గీత రాకర్ కవర్ మూల నుంచి మొదలైంది. గాస్కెట్, పి.సి.వి. వాల్వ్, కొత్త ఆయిల్, ఫిల్టర్. వస్తువులకు నూటయాభై డాలర్లు దాటలేదు. అతను ఆ బండి మీదే చదువు పూర్తి చేశాడు.

అలాగని అన్నీ ఇలాగే తేలుతాయని కాదు. హెడ్ గాస్కెట్ అనేది ఒకే గట్టు మూడు మళ్ల నీళ్లను కలవకుండా ఆపినట్టు, మంటనూ ఆయిల్‌నూ కూలెంట్‌నూ వేరు చేసే పల్చటి రేకు. పాత ఫాల్కన్ సిక్స్‌లాగా చాలా ఇంజిన్లలో కింది దిమ్మ పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది. వేల సార్లు సాగి ముడుచుకునే ఈ ఇద్దరి మధ్యా నలిగేది ఆ రేకే. ఒక్కసారి బండి అతిగా వేడెక్కిందా, హెడ్ వంగి గట్టు తెగుతుంది.

తెగితే ఏది ఎటు పోతుందో చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి 200 నుంచి 400 కిలోపాస్కల్స్ దాకా ఉంటుంది, కూలెంట్‌ది 100 ప్రాంతంలో. అందుకని ఆయిల్ కూలెంట్‌లోకి పోతుంది. ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో గోధుమ రంగు తెట్టు తేలుతుంది. ఇంజిన్ ఆపగానే ఆయిల్ ఒత్తిడి క్షణాల్లో సున్నా అవుతుంది, వేడి కూలెంట్ మాత్రం చాలాసేపు ఒత్తిడితోనే ఉంటుంది. ఇప్పుడు అది ఆయిల్‌లోకి దిగుతుంది. ప్రాణాంతకం ఇదే. నీరు కలిసిన ఆయిల్‌కు బేరింగులను మోసే శక్తి ఉండదు. అలాంటి బండిని "ఈ వారం గడిపేద్దాం" అని నడిపితే గాస్కెట్‌తో పోయేది ఇంజిన్‌తో పోతుంది. టో ట్రక్కు పిలవండి.

అనుమానం తీర్చుకునే పరీక్షలు ఇవి. చల్లటి ఇంజిన్ మీద ట్యాంకు మట్టానికి స్కెచ్ పెన్నుతో గీత పెట్టి రెండు వారాలు గమనించడం. కూలింగ్ సిస్టమ్‌కు చేతి పంపుతో ఒత్తిడి పెట్టి, ముల్లు దిగుతుందేమో చూడడం. ముల్లు దిగుతూ బయట ఎక్కడా తడి లేకపోతే లోపలికి పోతున్నట్టు. పోతే, ముందు సీటు కింద కార్పెట్ కూడా తడిమి చూడండి, హీటర్ కోర్ కారుతుండవచ్చు. మూడోది బ్లాక్ టెస్ట్: రేడియేటర్ మూతి దగ్గరి గాలిని నీలం రంగు ద్రావకంలోంచి పీలుస్తారు. మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ద్రావకం పసుపు రంగుకు తిరుగుతుంది. తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఇంకా సందేహముంటే ఆయిల్ శాంపిల్ లాబరేటరీకి పంపితే సోడియం, పొటాషియం, గ్లైకాల్ ఎంతున్నాయో చెబుతారు. ఆడవాళ్లకు బాగా అర్థమయ్యే పరీక్ష ఇంకొకటుంది (మగవాళ్లు వంటింటి వైపు వెళితే వాళ్లకూ అర్థమవుతుంది): ఆరుబయట, బాగా కాలిన పాత రేకు మీద ఒక్క బొట్టు ఆయిల్ వేయండి. నీరుంటే తడి గరిటెతో పోపు వేసినట్టు చిటపటలాడుతుంది.

ఆటోమేటిక్ బండ్లలో చాలావాటికి గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. అది చిల్లిపడితే రెండూ కలిసి అచ్చంగా రోజ్‌మిల్క్. అది హెడ్ గాస్కెట్ కాదు, అయినా తక్షణం ఆపవలసిందే. గేర్‌బాక్స్ లోపలి క్లచ్చి పలకలు నీటికి నిలవవు. రేడియేటర్‌లో పోసే "లీకు మందులు" నాకు ఇష్టం లేదు. చిల్లు మూసినా మూయకపోయినా హీటర్ సన్నగొట్టాలను మూస్తాయి.

మా ఆవిడ కోరిక మీద మరో రెండు మాటలు. వేడి ఇంజిన్ రేడియేటర్ మూత తీయవద్దు. ఒత్తిడి వదలగానే లోపలి కూలెంట్ భగ్గున మరిగి ముఖాన కొడుతుంది. కాలితే ఇరవై నిమిషాలు ధారగా చల్లటి కుళాయి నీళ్లు, ఐసు వద్దు, వెన్న వద్దు. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. పిల్లలూ కుక్కలూ నాకుతారు, మూత్రపిండాలు పోతాయి. పొరపాటున లోపలికి పోతే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ నంబరు 13 11 26కు ఫోన్ చేయండి, మనిషి స్పృహ తప్పితే 000. ఇక జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందకు దూరకండి, స్టాండ్లు పెట్టండి.

తీసిన పాత ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో కౌన్సిల్ ట్రాన్స్‌ఫర్ స్టేషనుకు ఇస్తే తీసుకుంటారు. అందులో కూలెంట్ కలపకండి, కలిపితే తీసుకోకపోవచ్చు. విక్టోరియాలో బండి అమ్మేటప్పుడు రోడ్‌వర్దీ, న్యూ సౌత్ వేల్స్‌లో ఐదేళ్లు దాటిన బండికి ఏటేటా పింక్ స్లిప్ తప్పవు కనుక, ఆ తేదీకి నెల ముందే అట్టముక్క పరిచి చూసుకోండి. వచ్చే సంచికలో బ్రేకుల సంగతి.