ఆ టైరే ఎందుకు?

నా మొదటి కోర్ ఇంటర్వ్యూ పావుగంటలో అయిపోయింది. రెజ్యూమెలో ‘ఫార్ములా స్టూడెంట్ టీమ్, సస్పెన్షన్ విభాగం’ అని బోల్డ్‌లో రాసుకుని వెళ్లా. ఎదురుగా కూర్చున్న పెద్దాయన అది చూసి అడిగారు: ‘‘మీ కారుకు ఆ టైరే ఎందుకు ఎంచుకున్నారు?’’

‘‘అన్నిటికంటే సాఫ్ట్, అన్నిటికంటే వెడల్పు సార్. గ్రిప్ ఎక్కువ’’ అన్నా ధీమాగా.

‘‘రన్ అయ్యాక ఎంత వేడెక్కింది?’’ కొలవలేదు. ‘‘వేడి మీద ప్రెషర్ ఎంత?’’ అదీ చూడలేదు. ఆయన నవ్వి రెజ్యూమె పక్కన పెట్టారు.

ఉద్యోగం రాలేదు. ఆయన మీద కోపమూ రాలేదు. తలా కొంత వేసుకుని లక్షకు అటూ ఇటూ పోసి కొన్న టైర్లవి. ఏది కొనాలో మాత్రం ఒక సాయంత్రం వాట్సాప్ గ్రూపులో తేల్చేశాం. ఫ్రేమ్‌కి నాలుగు నెలలు, స్టిక్కర్ల డిజైన్‌కి రెండు వారాలు, టైర్లకి గంటన్నర! చాలా కాలేజీల్లో ఇప్పటికీ ఇదే పద్ధతి. టైరును ఇంజినీరింగ్ నిర్ణయంలా కాకుండా షాపింగ్‌లా చూస్తున్నాం. బ్రేకు వేసినా, తిప్పినా, గ్యాస్ ఇచ్చినా కారు నేలను పట్టుకునేది అరచేయంత నాలుగు రబ్బరు ముక్కలతోనే కదా.

రబ్బరు స్వభావం తెలిస్తే సగం పని అయినట్టే. చల్లగా ఉన్నప్పుడు అది బిగుసుకుని ఉంటుంది, రోడ్డు గరుకులోకి ఒదగదు. తగినంత వేడికి వస్తే పట్టు దొరుకుతుంది. హద్దు దాటి వేడెక్కితే పైపొర ఉండలు ఉండలుగా రేగి, జారడం మొదలవుతుంది. మామూలు రోడ్డు టైరు చలికాలం పొద్దుటి నుంచి మే నెల మధ్యాహ్నం దాకా ఒకేలా పనిచేయాలని చేస్తారు. ట్రాక్ టైరు అలా కాదు. దాని మంచి పట్టంతా ఎక్కువ వేడిలో, ఇరుకైన పరిధిలో ఉంటుంది. అక్కడికి చేరకపోతే ఎంత ఖరీదు పెట్టినా వృథా.

మాకు జరిగిందదే. డ్రైవర్‌తో కలిపి మా కారు మూడు వందల కిలోలు దాటదు. అంత తేలిక కారు కింద అంత వెడల్పు టైరు పెడితే రబ్బరు నలగదు, వేడెక్కదు. పరుగు ముగిశాక టైరు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే. డ్రైవర్ ‘కారు తిరగట్లేదురా’ అంటుంటే మేం సస్పెన్షన్ స్ప్రింగులు మార్చుకుంటూ కూర్చున్నాం.

ఇంకో సంగతి ఉంది. ఇంటర్‌లో ఘర్షణ గుణకం మారదని చదువుకున్నాం. టైరు ఆ మాట వినదు. దాని మీద బరువు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు కంటే తక్కువే పెరుగుతుంది. అందుకే బరువైన, వేగమైన కార్లకు వెడల్పు టైరు బాగా లాభం. తేలిక కారుకు ఆ లాభం తక్కువ, మోయాల్సిన బరువు ఎక్కువ.

ఇక షోరూమ్ కారు విషయం. హైదరాబాద్ కుర్రాడొకడు మంచి పవర్ ఉన్న కారు కొన్నాడనుకోండి. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ఓ రోజు నడుపుదామని అదే కారులో బయల్దేరాడు. ట్రాక్ మీద ఉండేది ఇరవై నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు. రానూ పోనూ రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్ల పైనే. తిరుగు దారిలో నెల్లూరు దాటాక వాన పడితే? ట్రాక్ టైర్లలో గాడులు తక్కువ, నీళ్లు బయటికి తోయలేవు. టైరు నీటి మీద తేలిపోతే స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే. వీడికి కావాల్సింది రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్యలో ఉండే టైరు. ట్రాక్‌కి వేరే రిమ్ముల మీద ఇంకో సెట్ పట్టుకెళ్లే వాడి లెక్క వేరు. కారు ఒకటే అయినా జవాబులు రెండు.

అందరూ చూసే నంబర్ ‘ట్రెడ్‌వేర్’. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కి 300, అదే కంపెనీ ట్రాక్ వైపు మొగ్గిన కప్ 2కి చాలా సైజుల్లో 180. ఇది అమెరికా ప్రభుత్వ పద్ధతి. 100 రేటింగ్ ఉన్న ప్రామాణిక టైరుతో పోల్చి అరుగుదల చెబుతుంది. నంబర్ తగ్గితే త్వరగా అరుగుతుందని అర్థం, పట్టు ఎక్కువని గ్యారంటీ కాదు. పైగా ఆ అంకె వేసుకునేది తయారీదారే. అక్కడి అమెచ్యూర్ రేసుల్లో చాలా వాటికి ‘200కి తగ్గకూడదు’ అని నిబంధన ఉంది. దాంతో కంపెనీలు సైడుకి 200 అని ముద్రించి లోపల బాగా అతుక్కునే రబ్బరు పెట్టడం మొదలెట్టాయి. కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చుకోవడానికి ఆ నంబర్ కొంత పనికొస్తుంది. రెండు కంపెనీల మధ్య పోలిస్తే మోసపోతాం.

కొన్నాక అసలు పని మొదలవుతుంది. పొద్దున 30 డిగ్రీల్లో 29 పీఎస్ఐ గాలి కొట్టారు. నాలుగు ల్యాప్‌ల తర్వాత లోపలి గాలి 80 డిగ్రీలకు చేరింది. ప్రెషర్ ఎంత? ఎంసెట్‌లో ఇలాంటి లెక్క చిటికెలో చేసిన వాళ్లే ఇక్కడ 29ని 353తో గుణించి 303తో భాగించి ‘34’ అంటారు. తప్పు. గేజ్ చూపేది వాతావరణ పీడనం మీద అదనంగా ఉన్నదాన్నే. 14.7 కలిపి లెక్కేసి, చివర్లో తీసేస్తే 36 వస్తుంది. ఆ రెండు పీఎస్ఐల తేడాతో టైరు మధ్యలో ఉబ్బి, అంచులు నేలను సరిగా తాకవు. అందుకే ట్రాక్ మీద వాళ్లు ముందు వేడి ప్రెషర్ ఎంత ఉండాలో అనుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి పొద్దున గాలి కొడతారు.

కారు పిట్‌లోకి రాగానే సూది మొన ఉన్న థర్మామీటర్‌తో ట్రెడ్ మీద లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా వేడి చూస్తారు. మధ్యలో ఎక్కువుంటే గాలి ఎక్కువైంది. రెండంచుల్లో ఎక్కువుంటే గాలి తక్కువ. లోపలి అంచు మరీ కాలిపోతుంటే క్యాంబర్ ఎక్కువ పెట్టారు. ఈ మూడు అంకెలు మా దగ్గర ఉండుంటే స్ప్రింగులతో కుస్తీ పట్టేవాళ్లం కాదు.

పెద్దవాళ్లూ తప్పు చేస్తారు. 2005లో ఇండియానాపొలిస్‌లో జరిగిన అమెరికా గ్రాండ్ ప్రి చూడండి. మిగతా ట్రాక్‌ల మీద గెలుస్తూ వచ్చిన మిషెలిన్ టైర్లు అక్కడి 13వ మలుపులో, వాలుగా కట్టిన బ్యాంకింగ్ మీద పడే భారానికి తట్టుకోలేకపోయాయి. ఆ ఏడాది రూల్ ప్రకారం రేసు మధ్యలో టైర్లు మార్చే వీల్లేదు. ఆ మలుపులో వేగం తగ్గించే ఏర్పాటు లేకుండా ఈ టైర్లతో రేసు చేయొద్దని కంపెనీయే తన టీములకు చెప్పింది. 14 కార్లు ఫార్మేషన్ ల్యాప్ అవగానే పిట్స్‌లోకి వెళ్లిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ మీదున్న ఆరు కార్లే పరుగెత్తాయి. జోర్డాన్ కారులో మన నరైన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చింది ఆ రేసులోనే. ఆయన పేరు మనకు గుర్తుంది. ప్రపంచమంతా చూస్తుండగా ‘మా టైరు ఇక్కడ పనికిరాదు’ అని కాగితం మీద రాసిచ్చిన ఇంజినీర్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు. నాకైతే ఆ రోజు కష్టమైన పని చేసింది వాళ్లే అనిపిస్తుంది.

మెకానికల్ వాళ్లకు కోర్ ఉద్యోగాల్లేవని గొణుక్కునే ముందు ఇటు ఓసారి చూడండి. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, చినపాండూరులో అపోలో ప్లాంట్లు మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. టైరు టెస్టింగ్, వెహికల్ డైనమిక్స్, సిమ్యులేషన్ పనులకు కారు కంపెనీల్లోనూ మనుషులు కావాలి. ఫార్ములా స్టూడెంట్ టీములకు ‘టైర్ టెస్ట్ కన్సార్షియం’ అని ఒకటుంది. సభ్యత్వ రుసుము కడితే, అమెరికాలోని క్యాల్‌స్పాన్ ల్యాబ్‌లో యంత్రం మీద కొలిచిన టైర్ల డేటా మీ టీముకు ఇస్తారు. దాన్ని పైథాన్‌లోకి తెచ్చి పసేకా ‘మ్యాజిక్ ఫార్ములా’కు అమర్చడం ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు సరిపోయే పని. స్టిక్కర్లకు పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించమని మీ టీమ్ కెప్టెన్‌ని అడగండి. ఫ్యాకల్టీ అడ్వైజర్లూ బిల్లు మీద సంతకం పెట్టే ముందు ‘ఈ టైరే ఎందుకు?’ అని ఒక్కసారి అడిగితే బాగుంటుంది.

టీమ్ లేదా? ఇంట్లో బైక్ ఉంది కదా. ఈ ఆదివారం పొద్దున బండి కదపకముందే వెనక టైరు ప్రెషర్, గాలి ఉష్ణోగ్రత రాసుకోండి. ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చి వెంటనే మళ్లీ ప్రెషర్ చూడండి. రోడ్డు మీద తిరిగే బండి కాబట్టి వేడిగా ఉందని గాలి తీసేయకండి. రెండు రీడింగుల నుంచి లోపలి గాలి ఎంత వేడెక్కిందో లెక్కేయండి, 14.7 మర్చిపోకుండా. పిలియన్ ఎక్కితే ఎంత మారిందో వచ్చే ఆదివారం చూడొచ్చు.